కంప్యూటరు భాష నేర్వగోరు వారికి



"మాది తెలుగు మాధ్యమము కదా, కంప్యూటరు భాష మాకు వచ్చునా?" అని మీలో కొందరు మమ్ము అడుగుచున్నారు. ఈ సందేహము తల్లిదండ్రులలోను కలదు. ఈ ఒక్క కారణముననే పిల్లలను బడి మార్పింప దలచిన వారును ఉన్నారు. కావున ఈ విషయమును గూర్చి మాకు తెలిసినంత వివరింతుము.

క్రొత్తగా నేర్చువారికి పైథాన్ అను భాష అనువైనది. నెదర్లాండ్స్ దేశీయుడైన గీడో వాన్ రోసమ్ దీనిని రూపొందించి 1991లో వెలువరించెను. ఇందు ప్రత్యేకార్థముతో నిలిచిన మూలపదములు 35 మాత్రమే. అవి ఆంగ్లపదములే, అయినను ఇంట తెలుగు, సంతలో తమిళము, బెంగుళూరు బస్సులో కన్నడము మాటలాడు మన హోసూరు పిల్లలకు 35 పదములొక లెక్కా?

అయితే ఒక భేదము కలదు. సంతలో మన తమిళము తడబడినను అంగడివాడు మన భావమును గ్రహించును. యంత్రము గ్రహింపదు, చెప్పినదే చేయును. కనుక కష్టమంతయు ఆలోచనను తప్పులేకుండ వరుసగా పేర్చుటలో నున్నది. ఆ పని మాతృభాషలోనే చక్కగా సాగును.

ఉదాహరణకు, ఒక సంవత్సరము లీపు సంవత్సరమా, కాదా యని తేల్చవలెననుకొందము. మొదట కాగితముపై తెలుగులో ఇట్లు వ్రాయుడు:

400 చేత భాగింపగా శేషము లేనిచో లీపు సంవత్సరము.
అట్లు కాక, 100 చేత భాగింపగా శేషము లేనిచో లీపు కాదు.
అదియు కాక, 4 చేత భాగింపగా శేషము లేనిచో లీపు సంవత్సరము.
ఇవేవియు కానిచో లీపు కాదు.

ప్రోగ్రామునకు ప్రాణము ఈ వరుసయే. ఇక మొదటి నియమమునకు ఇఫ్, నడిమి రెంటికి ఎలిఫ్, చివరిదానికి ఎల్స్ అను పదములు చేర్చిన చాలును.

మేము నలువదియేండ్లు దాటిన పిదపనే దీనిని నేర్వ నారంభించితిమి. తొలుత 4 నియమమును ముందుంచితిమి. 2024కు సరియైన ఉత్తరమే వచ్చెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె 1900 ఇచ్చి చూడగా, అదియు లీపు సంవత్సరమే యని వచ్చెను! నిజమునకు 1900 లీపు సంవత్సరము కాదు. తప్పు యంత్రముది కాదు, మాది. ఆ బాలిక దానిని పట్టినది లెక్క తెలిసియే గాని, ఆంగ్లము తెలిసి కాదు.

ఇక కొన్ని సూచనలు. పుస్తకములోని ప్రోగ్రామును చదివి ఊరకుండక, స్వయముగ టైపు చేయుడు. పని చేసిన పిదప ఒక అంకెనో, ఒక నియమమునో మార్చి ఫలితము చూడుడు. తప్పు సందేశము వచ్చినచో బెదరవలదు. దాని చివరి పంక్తి తప్పు ఎట్టిదో తెలుపును, పైనున్న పంక్తి సంఖ్య ఎచ్చట వెదకవలెనో సూచించును. వారమునకొకసారి నాలుగు గంటలకంటె దినమునకు అరగంట మేలు. ఇంట కంప్యూటరు లేనివారు ఒక్కొక్క పంక్తిని చదివి, యంత్రము చేయు పనిని కాగితముపై తామే చేసి చూడవచ్చును.

తల్లిదండ్రులకొక మాట. ఆంగ్లము వలదని మేము చెప్పుట లేదు. ముందుముందు గ్రంథములు చదువుటకు అది కావలెను, క్రమముగ వచ్చును. 2008లో వెలువడిన పైథాన్ 3 మొదలుకొని, ప్రోగ్రాములో మనము పెట్టుకొను పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. యంత్రమే మన అక్షరములను అంగీకరించుచుండగా, మనము వానిని విడనాడ నేల?