సల్ఫైడు ఖనిజాల ప్లవన ప్రక్రియ

సల్ఫైడు ఖనిజాల ప్లవన ప్రక్రియ అనేది సీసం, రాగి, జింకు వంటి లోహాల సల్ఫైడు ఖనిజాలను మెత్తగా నూరి, నీటిలో కలిపి, గాలి బుడగల సహాయంతో రాతిపొడి నుండి వేరుచేసే పద్ధతి. ఇది ఖనిజాల బరువుపై గాక వాటి ఉపరితల స్వభావంపై ఆధారపడుతుంది. నీటికంటే ఏడున్నర రెట్లు బరువైన గెలీనా సైతం నురుగుతోపాటు పైకి తేలుతుంది.

తెలుగు ప్రాంతంలో సల్ఫైడు ఖనిజాలు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. గద్వాల ప్రాంతంలో ప్రాచీనమైన శిస్టు శిలల పట్టీ ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమి కడప బేసిన్ ఉత్తర భాగానికి చెందుతుంది. ఇదే బేసిన్‌లో, కృష్ణకు దక్షిణాన వినుకొండ సమీపంలోని అగ్నిగుండాల ప్రాంతంలో, సీసం, రాగి ఖనిజాలున్నాయి. అక్కడి బండ్లమోటులో గెలీనా డోలమైటు శిలలలోను, నల్లకొండలో రాగి ఖనిజమైన చాల్కోపైరైటు లభిస్తాయి. బండ్లమోటు సీసపు గనిని హిందుస్థాన్ జింక్ సంస్థ నడిపింది. అది తరువాత మూతపడింది.

చరిత్ర

1877లో జర్మనీకి చెందిన బెస్సెల్ సోదరులు గ్రాఫైటును తేల్చే పద్ధతికి పేటెంటు పొందారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో ఈ ప్రక్రియ పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చింది. 1922లో షెరిడాన్, గ్రిస్‌వోల్డ్ సయనైడు వాడకాన్ని, 1925లో కెల్లర్ జాంథేటు వాడకాన్ని ప్రవేశపెట్టారు.

జాంథేటు పాత్ర

జాంథేటు అణువుకు రెండు కొనలుంటాయి. గంధకం గల కొన ఖనిజానికి అంటుకుంటుంది. హైడ్రోకార్బన్ కొన నీటిని వికర్షిస్తూ బయటికి నిలుస్తుంది. ఒక పదార్థపు అణువులు మరొక పదార్థపు ఉపరితలంపై ఇలా చేరడాన్ని అధిశోషణం అంటారు. అధిశోషణం వల్ల ఖనిజపు రేణువు నీటిని విడిచి బుడగను పట్టుకుంటుంది. ఇథైల్ జాంథేటు పూత గల ఖనిజంపై బుడగ చేసే స్పర్శకోణం సుమారు 60 డిగ్రీలు, బ్యుటైల్ జాంథేటుకు సుమారు 74 డిగ్రీలు. ఈ కోణం ఖనిజాన్ని బట్టి గాక హైడ్రోకార్బన్ కొనను బట్టి మారుతుందని వార్క్ ప్రయోగాలు చూపాయి. అనగా ఒకసారి పూత ఏర్పడిన తరువాత బుడగకు తెలిసేది పూత మాత్రమే.

అధిశోషణం జరిగే తీరు

జాంథేటు ఖనిజంపై చేరడం సాధారణమైన అంటుకోవడం కాదు. సల్ఫైడు ఖనిజాలు విద్యుద్వాహకాలు గనుక ఒక్కొక్క రేణువు చిన్న ఎలక్ట్రోడు వలె పనిచేస్తుంది. ఒకచోట జాంథేటు ఎలక్ట్రాన్లను కోల్పోయి ఆక్సీకరణం చెందుతుంది. మరొకచోట నీటిలో కరిగిన ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను గ్రహిస్తుంది. ఈ విద్యుద్రసాయన వివరణను 1953లో సలామీ, నిక్సన్ ప్రతిపాదించారు. ఆక్సిజన్ లేనిచోట జాంథేటు పూత సరిగా ఏర్పడకపోవడానికి కారణం ఇదే.

ఖనిజాన్ని బట్టి పూత మారుతుంది. 1972లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, తటస్థ ద్రావణంలో జాంథేటు డైజాంథోజెన్‌గా మారడానికి కావలసిన పొటెన్షియల్ 0.13 వోల్టులు. పైరైటు పొటెన్షియల్ 0.22 వోల్టులు, చాల్కోపైరైటుది 0.14 వోల్టులు. ఇవి ఆ హద్దును దాటినందున వాటిపై డైజాంథోజెన్ ఏర్పడింది. గెలీనా పొటెన్షియల్ 0.06 వోల్టులే. అందుచేత దానిపై లెడ్ జాంథేటు ఏర్పడింది.

ఖనిజాలను ఒకదానినుండి మరొకటి వేరుచేయుట

జాంథేటు దాదాపు సల్ఫైడులన్నింటినీ తేల్చగలదు. కాబట్టి అక్కరలేని ఖనిజాన్ని అణచిపెట్టే డిప్రెసెంట్లు అవసరమవుతాయి.

* సున్నం: ద్రావణం క్షారగుణం పెరిగినపుడు పైరైటుపై ఇనుము హైడ్రాక్సైడు ఏర్పడి పూతకు అడ్డుపడుతుంది.
* సోడియం సయనైడు: జింకు, ఇనుము, రాగిలతో సంక్లిష్టాలనిచ్చి స్ఫాలరైటును, పైరైటును అణచుతుంది. సీసంతో స్థిరమైన సంక్లిష్టాన్నివ్వదు గనుక గెలీనా తేలుతుంది. ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలలో వచ్చే ఉదాహరణ ఇదే.
* కాపర్ సల్ఫేటు: గెలీనాను తీసిన తరువాత దీనిని కలిపితే స్ఫాలరైటు పైపొరలో జింకు స్థానాన్ని రాగి ఆక్రమిస్తుంది. అప్పుడు స్ఫాలరైటు సైతం జాంథేటును స్వీకరించి తేలుతుంది.

జాగ్రత్తలు

మోతాదు తప్పితే లోహం వ్యర్థంలో కలిసిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది భద్రత. ద్రావణం ఆమ్లంగా మారితే సయనైడు నుండి ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడు వాయువు, జాంథేటు నుండి విషపూరితమైన కార్బన్ డైసల్ఫైడు వెలువడతాయి. అందువలన సయనైడు వాడేచోట సున్నంతో క్షారగుణాన్ని నిలుపుతారు. వ్యర్థంలో మిగిలిన పైరైటు గాలి, నీరు సోకి సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నిస్తుంది. ఆ ఆమ్లం బరువు లోహాలను కరిగించి వాగులకు, బావులకు చేరుస్తుంది. ఖనిజాన్ని తేల్చడానికి తోడ్పడిన ఆక్సీకరణమే, గని మూతపడిన తరువాత కూడా వ్యర్థపు గుట్టలలో కొనసాగుతుంది. కనుక గుట్టలకు గాలి, నీరు సోకకుండా కప్పి ఉంచడం అవసరం.