మెదడు చదువు... మనకీ అందుతుంది!

ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతో ‘ఎరుపు’ అని రాసి, ఆ సిరా రంగేమిటో చటుక్కున చెప్పమని ఇంట్లోవాళ్లని అడగండి. తడబడ్డారా? రంగు చెప్పేలోగా మెదడు అక్షరాల్ని చదివేస్తుంది మరి! అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్ట్రూప్ 1935లోనే ప్రయోగం చేసి చూపించిన సంగతిది.

ఇలాంటి చిక్కుముడులు విప్పే చోటు మన నగరంలోనే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్‌లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ వచ్చినవారి మీదా పరిశోధనలు జరిగాయి. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్ మాట్లాడే లాలాపేట్ విద్యార్థికి అది తన కథే.

మెదడు గురించి చదవాలంటే ఎంబీబీఎస్సే చేయక్కర్లేదు. అక్కడ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఉన్నాయి. డిగ్రీలో ఉండగానే పరిశోధన రుచి చూడాలంటే, మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది. శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకోవచ్చు, భృతీ ఇస్తారు.

లాలాపేట్ నగరానికి ఈ కొసన, యూనివర్సిటీ ఆ కొసన. అయితేనేం, సిటీ బస్సెక్కితే చేరేంత దూరమే!