నింద పడ్డ ఊళ్లోనే... ఆవులకు నీరాజనం!

వీధి మధ్యలో ఆవు పడుకుని ఉంటే మనకు వింతేం కాదు. హారన్ కొట్టి పక్కనుంచి వెళ్లిపోతాం. అదే అమెరికాలోని షికాగో నగరంలో, ఆకాశాన్నంటే భవనాల మధ్య ఆవులు కనిపిస్తే? అదీ ఒకటీ రెండూ కాదు, మూడు వందలకు పైనే!

1999 వేసవిలో అక్కడ జరిగింది ఇదే. నిజం ఆవులు కావులెండి, ఫైబర్‌గ్లాస్ బొమ్మలు. కొన్ని నిలబడి, కొన్ని మేత మేస్తూ, కొన్ని తీరిగ్గా పడుకుని... ఒక్కోదానికి ఒక్కో సింగారం. మన గంగిరెద్దు కూడా అసూయపడేంత ముస్తాబు! పేరు 'కౌస్ ఆన్ పెరేడ్'. పిల్లా పెద్దా తేడా లేకుండా జనం వాటిని వెతుక్కుంటూ వీధులన్నీ తిరిగారు. మ్యూజియంలోలా టికెట్ లేదు, అద్దాల పెట్టె లేదు. చేత్తో నిమిరి, పక్కన నిల్చుని ఫొటో దిగారు.

ఆలోచన ఎక్కడిది?

మొదట ఇది స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగరంలో పుట్టింది. ఊళ్లోకి జనాన్ని రప్పించాలని అక్కడి వ్యాపారులు 1986లో సింహం బొమ్మల్ని అలంకరించి వీధుల్లో పెట్టారు. 1998లో ఆవుల వంతు వచ్చింది. పాస్కల్ క్నాప్ అనే యువ శిల్పి ఆవుల నమూనాలు తయారుచేస్తే, వందలాది ఆవులు రంగులద్దుకుని వీధికెక్కాయి.

ఆ ఏడాది అక్కడికి సెలవులకు వెళ్లిన షికాగో షూ వ్యాపారి పీటర్ హానిగ్ అవి చూసి ముచ్చటపడ్డాడు. తిరిగొచ్చి ఆ సంగతి లోయిస్ వైస్‌బర్గ్ చెవిన వేశాడు. ఆమె అప్పుడు షికాగో నగర సాంస్కృతిక శాఖకు కమిషనర్. వయసు డెబ్బై దాటినా ఉత్సాహం మాత్రం ఇరవై ఏళ్ల పిల్లది! కళంటే డబ్బున్నవాళ్ల డ్రాయింగ్ రూముకే పరిమితం కాకూడదన్నది ఆమె పట్టుదల. 1991లోనే మేయర్ భార్య మ్యాగీ డేలీతో కలిసి, ఊరి నడిబొడ్డున ఖాళీగా పడున్న స్థలంలో టెంట్లు వేయించి, కుర్రకారుకు జీతమిచ్చి మరీ బొమ్మలు వేయించిన మనిషి ఆమె. 'గ్యాలరీ 37' అంటే అదే. అలాంటావిడకు ఆవుల ఆలోచన నచ్చకుండా ఉంటుందా? 2016లో ఆమె కన్నుమూసినప్పుడు కూడా చాలామందికి ముందు గుర్తొచ్చింది ఆవులే.

పాపం, ఓలీరీ!

షికాగోకూ ఆవుకూ ఉన్న బంధం పాతదే. ఒకప్పుడు అక్కడి పశువుల సంత ప్రపంచంలోనే పేరెన్నికగన్నది. అయితే ఆ ఊళ్లో ఆవు పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది మాత్రం ఓ ఇల్లాలి కథ.

క్యాథరిన్ ఓలీరీ ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన పేదరాలు. పాలమ్మి సంసారానికి చేదోడుగా ఉండేది. 1871 అక్టోబర్ 8 రాత్రి ఆమె పశువుల పాకలో నిప్పు రాజుకుంది. గాలికి ఊరంతా అంటుకుంది. సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మంది నిలువనీడ లేనివాళ్లయ్యారు. 'ఓలీరీ పాలు పితుకుతుంటే ఆవు లాంతరును తన్నింది' అని పత్రికలు రాసేశాయి. అప్పటికే పడుకున్నానని ఆమె మొత్తుకుంది. విచారణ జరిపినవాళ్లూ కారణం తేల్చలేకపోయారు. అయినా నింద పోలేదు. ఆమె నలుగురిలోకి రావడమే మానేసి, 1895లో కన్నుమూసింది. ఆడది, పేదది, పైగా పరాయి దేశం నుంచి వచ్చింది... తప్పు మోపడానికి అంతకంటే ఏం కావాలి!

ఆ లాంతరు కథ కల్పితమేనని మైకేల్ అహెర్న్ అనే విలేకరి 1893లో ఒప్పుకున్నాడు. నగర కౌన్సిల్ మాత్రం 1997లోగానీ ఆమెనూ, ఆమె ఆవునూ నిర్దోషులుగా ప్రకటించలేదు. సరిగ్గా రెండేళ్లకు అదే ఊరి వీధుల్లో ఆవులకు ఆ వైభవం!

తర్వాత ఏం చేశారు?

ఒక్కో ఆవు ఖర్చును ఒక్కో సంస్థ భరించింది. చిత్రకారులు తమ డిజైన్లతో వాటికి రంగులు వేశారు. ప్రదర్శన ముగిశాక చాలా ఆవుల్ని వేలం వేస్తే సుమారు 35 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ సొమ్ము సేవా సంస్థలకు చేరింది.

అంతే, మిగతా ఊళ్లూ అందుకున్నాయి. 2000లో న్యూయార్క్ ఆవుల్నే తెచ్చుకుంటే, సిన్సినాటి పందుల్ని, కెనడాలోని టొరంటో దుప్పుల్ని అలంకరించుకున్నాయి. 2001లో బెర్లిన్ ఎలుగుబంట్లు వీధుల్లోకి వచ్చాయి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2013లో 80 గ్రోమిట్ కుక్క బొమ్మలు పెట్టి, వేలంలో వచ్చిన 23 లక్షల పౌండ్లను పిల్లల ఆస్పత్రి కోసం ఇచ్చారు. మన ముంబయి 2018లో రంగురంగుల ఏనుగుల్ని చూసింది.

'ఇది కళ కాదు, కంపెనీల ప్రచారం' అని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. డబ్బిచ్చినవాళ్లకు నచ్చేలా, ఎవరినీ నొప్పించకుండా ఉండాలంటే చిత్రకారుడి చేతులు కొంత కట్టేసినట్టే. న్యూయార్క్‌లో ప్రసిద్ధ సినీ దర్శకుడు డేవిడ్ లించ్ చేసిన ఆవు మరీ భయానకంగా ఉందని వీధిలో పెట్టనివ్వలేదు కూడా.

అయినా ముక్కూ మొహం తెలియనివాళ్లు బొమ్మ దగ్గర ఆగి, 'ఇది చూశారా? ఆ సందులో ఇంకోటుంది' అని మాట కలిపితే అదేం తక్కువా? సంక్రాంతి ముగ్గుల పోటీల్లో మనకది అనుభవమే. ఈసారి మీ మహిళా మండలి పోటీ పెట్టేటప్పుడు ముగ్గులతోపాటు నాలుగు మట్టి ఆవుల్ని కూడా కాలనీ పిల్లల చేతికిచ్చి చూడండి. వారంపాటు పార్కులో ఉంచి, ఆపైన వేలం వేసి, వచ్చిన డబ్బును దగ్గర్లోని బడికి ఇవ్వండి. రంగులు మాత్రం కాస్త ఎక్కువే కొని ఉంచుకోండి... పెద్దవాళ్లూ కుంచె పట్టుకోకుండా ఉండలేరు!