సింహాసనానికో కన్నం

తెలుగులో ఈ గదిని పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ ఉన్నట్టు లేదు. బహిర్భూమికి వెళ్ళడమన్నా, దొడ్డికెళ్ళడమన్నా, చెంబు పట్టుకెళ్ళడమన్నా ఊరవతలికో పెరట్లోకో వేలు చూపించి ఊరుకోవడమే. మరుగుదొడ్డి అన్నప్పుడు కూడా ముందొచ్చేది మరుగే. బయటివాళ్ళూ తక్కువ తినలేదు. టాయిలెట్ అన్న మాట ఫ్రెంచిలో చిన్న గుడ్డముక్క పేరు నుంచి పుట్టింది.

అలాంటిదానికి ఢిల్లీలో ఏకంగా ఓ మ్యూజియం ఉంది. పాలం దగ్గర మహావీర్ ఎన్‌క్లేవ్‌లో, పబ్లిక్ మరుగుదొడ్లు నడిపే సులభ్ సంస్థ ఆవరణలో. 1992లో బిందేశ్వర్ పాఠక్ పెట్టారు. ఆటో అతనితో "సులభ్‌కి పోనీ" అంటే నన్ను ఎగాదిగా చూసి, దానికోసం అంత దూరమెందుకు, ఈ రోడ్డు చివరే ఉందన్నాడు.

లోపల అందరూ ముందు ఆగేది ఫ్రాన్సు రాజు 14వ లూయీ సింహాసనం నమూనా దగ్గర. కుర్చీ మధ్యలో కన్నం. ఆయన ఆ పని మీద ఉండగానే మనుషుల్ని పిలిపించుకుని మాట్లాడేవాడు. దొంతరగా పేర్చిన లావుపాటి పుస్తకాల్లా కనిపించే కమోడు ఒకటుంది. అంత అవస్థ పడి దాచుకోవడం చూస్తే మన 'మరుగు' నయమనిపించింది.

నాకు మాత్రం వీటన్నిటికంటే గొప్పది గొట్టంలో ఒక ఒంపు. 1596లో జాన్ హారింగ్టన్ నీళ్ళతో కడిగే దొడ్డి సంగతి ఓ పుస్తకంలో రాసి, ఎలిజబెత్ రాణికి ఒకటి అమర్చి పెట్టాడు. కానీ గొట్టం తిన్నగా ఉంటే కింది కంపు పైకి రాకుండా ఆపేదేముంది? 1775లో అలెగ్జాండర్ కమింగ్ దాన్ని పాములా వంచాడు. ఒంపులో కాసిని నీళ్ళు నిలబడి మూతలా అడ్డుపడతాయి, అంతే. నెల్లాళ్ళు ఊరెళ్ళొచ్చి తలుపు తీస్తే బాత్రూమ్ గుప్పుమంటుందే, అది ఆ నీళ్ళు ఎండిపోవడమే. ఓ మగ్గు నీళ్ళు పోస్తే సరిపోతుంది.

ఆరుబయట ఉన్న దొడ్డి గోతుల దగ్గరికి వచ్చేసరికి నవ్వులు తగ్గుతాయి. బీహార్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పాఠక్ చిన్నప్పుడు దొడ్లు శుభ్రం చేసే ఆవిడను ముట్టుకున్నందుకు వాళ్ళ నాయనమ్మ ఆయనచేత ఆవుపేడ మింగించింది. ఆ సంగతి ఆయనే చెప్పేవారు. 1970లో సులభ్ మొదలుపెట్టి, జంట గోతుల దొడ్డిని వాడుకలోకి తెచ్చారు. పళ్ళెం బాగా ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్ళు పోస్తే చాలు. గోతి గోడలకు వదిలిన సందుల్లోంచి తడి నేలలోకి ఇంకిపోతుంది. ఒకటి నిండితే రెండోదానికి మళ్ళిస్తారు. రెండేళ్ళు వదిలేస్తే మొదటిది ఎరువు. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేదు.

ఆ 'ఎవరూ' అన్నచోట మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. పెరటి గోడకు సందువైపు మోకాలెత్తున చిన్న రేకు తలుపు ఉండేది. పొద్దున్నే అది కిర్రుమనేది. తట్ట నేలకు ఆనిన చప్పుడు, బూడిద చల్లిన చప్పుడు, మళ్ళీ కిర్రు. ఇన్నేళ్ళలో ఆ దొడ్డి ఎత్తే ఆవిడ చెయ్యి తప్ప మొహం నేను చూడలేదు. పేరూ తెలీదు.

అలా చేత్తో ఎత్తే పాకీదొడ్లను నిషేధిస్తూ 1993లో ఓ చట్టం వచ్చింది, చాలక 2013లో ఇంకోటి. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్‌ల సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే ఉద్యమ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో ఆ దొడ్లను పడగొట్టిస్తూ 2003లో సుప్రీంకోర్టుకెక్కింది. పాఠక్ గొయ్యి తవ్వారు, వీళ్ళు గోడ పడగొట్టారు. నన్నడిగితే గోడ పడితేనే గొయ్యి గుర్తొచ్చేది. డ్రైనేజీ మ్యాన్‌హోళ్ళలో చావులు మాత్రం ఇప్పటికీ పేపర్లో చదువుతూనే ఉన్నాం.

బయల్దేరేముందు అక్కడి గైడు గోధుమరంగు ఉండ ఒకటి నా అరచేతిలో పెట్టాడు. గోతిలోంచి తీసి ఎండబెట్టినదట. నా పక్కనున్నాయన రెండడుగులు వెనక్కి వేశాడు. నేను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. వాసన లేదు, చాక్‌పీసంత తేలిక. తిరిగి ఇచ్చేశాక కూడా చెయ్యి కడుక్కోవాలని తోచలేదు.