పాత రోబో వాక్యూమ్‌కి బ్యాటరీ వేయించాలా, కొత్తది కొనాలా?

ఇవాళ రోబో వాక్యూమ్‌ల గురించి మాట్లాడుకుందాం. అన్‌బాక్సింగ్ వీడియో కాదు, స్పాన్సర్ కూడా ఎవరూ లేరు. ఈ మధ్య మా మూసాపేట అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్‌లో కలిసినవాళ్లు, ఆఫీస్ ఫ్రెండ్స్, అందరూ దాదాపు ఒకటే అడుగుతున్నారు. "ఐదారేళ్ల కింద కొన్నది ఇంకా తిరుగుతోంది, కానీ సగం ఇల్లు ఊడ్చి మధ్యలో పడిపోతోంది. బ్యాటరీ వేయించమంటావా, యాభై వేలు పెట్టి డాక్ ఉన్న కొత్తది తీసుకోమంటావా?" అని.

అందరివీ ఒకేసారి ఎందుకు ముసలివి అయ్యాయి అంటే, దానికి కారణం ఉంది. 2020 లాక్‌డౌన్ గుర్తుందిగా? గేటెడ్ కమ్యూనిటీల్లో పనివాళ్లని గేటు దాటనివ్వలేదు. పొద్దున స్టాండప్ కాల్, మధ్యాహ్నం గిన్నెలు, సాయంత్రం చీపురు. సరిగ్గా ఆ ఏడాదే షావోమి తన వాక్యూమ్-మాప్ పి మోడల్‌ని ఇండియాలో క్రౌడ్‌ఫండింగ్‌లో 17,999 రూపాయలకి పెట్టింది. లేజర్ మ్యాపింగ్ ఉన్న రోబో ఆ రేటుకి రావడం అప్పట్లో మనకి పెద్ద విషయం. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఐటీ ఇళ్లలో అలాంటివి చాలా వచ్చాయి. వాటన్నిటికీ ఇప్పుడు ఒకే వయసు.

సరే, అసలు పాతదానికీ కొత్తదానికీ తేడా ఏంటి? యాడ్స్ చూస్తే తేడా అంతా సక్షన్‌లోనే ఉన్నట్టు ఉంటుంది. కాదండి. అసలు మార్పు దారి వెతుక్కోవడంలో వచ్చింది.

ఐరోబో కంపెనీ మొదటి రూంబాని 2002లో తెచ్చింది. ఆ తరం రోబోలకి ఇల్లు ఎలా ఉందో తెలియదు. క్యారమ్స్ స్ట్రైకర్ లాగా వెళ్తుంది, గోడకి కొట్టుకుంటుంది, ఇంకో కోణంలో తిరుగుతుంది. మరి ఇల్లంతా ఎలా ఊడుస్తుంది? ప్రాబబిలిటీ. మన బీటెక్ ఎం3 లెక్కే ఇది. గది మొత్తం కవర్ అయ్యేంత దూరం రోబో తిరిగిందనుకోండి. కానీ ఎటు పడితే అటు తిరిగింది కాబట్టి కొన్ని చోట్లకి రెండు మూడు సార్లు వెళ్తుంది, కొన్ని చోట్లకి అసలు వెళ్లదు. సుమారుగా 37 శాతం నేల మిగిలిపోతుంది. దానికి రెట్టింపు తిరిగితే మిగిలేది 13, 14 శాతం. మూడు రెట్లు తిరిగితే 5 శాతం. అందుకే పాత రోబో ఒక్క బెడ్‌రూమ్‌లో ముప్పావు గంట గిరగిరా తిరిగేది. చూసేవాళ్లకి పిచ్చిదానిలా అనిపిస్తుంది కానీ, దాని లెక్క దానికుంది.

2010లో నీటో అనే కాలిఫోర్నియా కంపెనీ రోబో మీద తిరిగే లేజర్ పెట్టింది. అది సెకనుకి ఐదు చుట్లు తిరుగుతూ, ఒక్కో చుట్టుకి 360 కొలతలు తీసుకుంటుంది. ఏ గోడ ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది కాబట్టి మ్యాప్ గీసుకుంటూనే, ఆ మ్యాప్‌లో తను ఎక్కడుందో చూసుకుంటుంది. దీన్నే స్లామ్ అంటారు. కరెంటు పోయినప్పుడు గోడలు తడుముకుంటూ వంటింట్లోకి వెళ్లడం పాత పద్ధతి. గది మధ్యలో టార్చ్ వేసి ఒక్కసారి చుట్టూ తిప్పడం ఇది. పైన బొడిపెలాగా ఒకటి ఉంటుంది చూశారా, ఆ లేజర్ ఉండేది అందులోనే. మన 2020 బ్యాచ్ మోడల్స్‌లో చాలావాటికి ఆల్రెడీ ఈ లేజర్ ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఇప్పుడు సక్షన్. 2020 మోడల్‌లో 2,100 పాస్కల్స్. ఇవాళ పది వేలు, ఇరవై వేలు అని రాస్తున్నారు. పాస్కల్ అంటే ప్రెషర్. గాలి ఎంత వేగంగా కదులుతోంది, బ్రష్ నేలని ఎంత బాగా తాకుతోంది అనేవి ఆ నంబర్‌లో కనిపించవు. తివాచీలు పరిచి ఉండే అమెరికా ఇళ్లలో ఎక్కువ ప్రెషర్ పనికొస్తుంది, ఒప్పుకుంటా. మనవి విట్రిఫైడ్ టైల్స్ అండి. టైల్ మీద దుమ్ముకి రెండు వేలు చాలు. పైగా పక్కన తిరిగే బుల్లి బ్రష్ ఫాస్ట్‌గా తిరిగితే బియ్యపు గింజలు, పోపులో ఎగిరిపడ్డ ఆవాలు లోపలికి పోవు, సోఫా కిందికి చిమ్ముకుంటాయి. అప్పుడు క్వయిట్ మోడ్‌లో పెట్టి చూడండి. తక్కువ పవర్‌లోనే వంటిల్లు బాగా క్లీన్ అవుతుంది.

మన ఇళ్లలో రోబోకి అసలు పరీక్షలు వేరే ఉన్నాయి. మొదటిది గడప. చాలా రోబోలు రెండు సెంటీమీటర్ల ఎత్తు దాకా ఎక్కుతాయి. దేవుడి గది గడప అంతకంటే ఎత్తుంటే దాని సరిహద్దు అక్కడే. కొత్తవాటిలో ఖరీదైనవి కొన్ని ఇంకా ఎత్తు ఎక్కుతాయి. రెండోది నల్ల గ్రానైట్. హైదరాబాద్ ఫ్లాట్లలో హాల్ చుట్టూ నల్ల బోర్డర్, గదుల మధ్య నల్ల పట్టీ వేయడం మామూలే కదా. రోబో మెట్ల మీంచి పడిపోకుండా అడుగున ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఉంటాయి. కిందికి వెలుతురు వేసి, అది తిరిగొస్తే నేల ఉంది అనుకుంటాయి. నల్లరాయి ఆ వెలుతురుని మింగేస్తుంది. రోబోకి అక్కడ గొయ్యి ఉన్నట్టు లెక్క! మా ఫ్లోర్‌లో ఒకావిడ "మా రోబో బెడ్‌రూమ్‌లోకి రానంటుంది, దానికి మా అత్తగారంటే భయం" అని నవ్వేవారు. కారణం పట్టీ. కొంతమంది సెన్సర్ల మీద తెల్ల కాగితం అంటిస్తుంటారు. ఇంట్లో మెట్లు ఉంటే మాత్రం ఆ పని చేయకండి, నిజంగానే దొర్లిపోతుంది. కొత్త మోడల్ కొన్నా ఈ ఇబ్బంది పోతుందని గ్యారంటీ లేదు. కొనేముందు ఇంట్లో డెమో ఇస్తారేమో అడగండి.

కొత్తవాటికి నిజంగా మార్కులు వేయాల్సింది రెండు విషయాల్లో. ఒకటి, కింద పడి ఉన్న వస్తువుల్ని గుర్తుపట్టడం. పాత లేజర్ తన ఎత్తులో ఉన్నవే చూస్తుంది. ఛార్జర్ వైరు, చున్నీ అంచు, చిన్నపిల్లల సాక్స్ దానికి కనబడవు. ముందు కెమెరా, సెన్సర్లు ఉన్న కొత్తవి చాలావరకు తప్పుకుని పోతాయి. పాతది నడపాలంటే ముందు మనం నేల సర్దాలి, తర్వాత అది ఊడవాలి. ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో, కైతలాపూర్ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో కూర్చుని ఫోన్‌లోంచి స్టార్ట్ చేసేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. ఏదో ఒక వైరు చుట్టుకుని మధ్యాహ్నమంతా మంచం కింద పడి ఉంటే దాన్ని కొని లాభమేంటి?

రెండోది డాక్. దుమ్ము తనే లాక్కుంటుంది, మాప్ తనే ఉతుకుతుంది, ఆరబెడుతుంది. బాలానగర్ లారీలు తిరిగే మెయిన్ రోడ్డు వైపు ఫ్లాట్ అయితే రోబో డబ్బా రోజూ నిండుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు దాన్ని దులపడమంటే మళ్లీ దుమ్ము పీల్చడమే. అలాంటి ఇంటికి డాక్ లగ్జరీ కాదు, అవసరమే. కానీ డాక్‌లో నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. మన బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు ఎంత గట్టివో గీజర్ కాయిల్‌ని అడగండి. వేడినీళ్లతో మాప్ ఉతికే డాక్‌లో అదే ఉప్పు పేరుకుంటుంది, సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. మంజీరా నీళ్లు వస్తే అవి పోయండి. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే వేస్ట్ వాటర్ మాత్రం వద్దు, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ. ఫినాయిల్ అసలు పోయొద్దు, పంపు, రబ్బర్ వాషర్లు పాడైపోతాయి.

ఇప్పటిదాకా చెప్పింది హార్డ్‌వేర్. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు నిజంగా భయం వేసేది వేరే చోట.

ఇందాక నీటో పేరు చెప్పాను కదా. ఆ కంపెనీని జర్మనీకి చెందిన ఫోర్వెర్క్ 2017లో కొనేసింది, 2023లో మూసేసింది. మూసేటప్పుడు క్లౌడ్ సర్వర్లని ఐదేళ్లు నడుపుతామన్నారు. 2025లోనే ఆపేశారు. మోటార్ బాగుంది, బ్యాటరీ బాగుంది, లేజర్ బాగుంది. యాప్ మాత్రం పోయింది. షెడ్యూల్ లేదు, మ్యాప్ లేదు, వెళ్లి బటన్ నొక్కితే తిరుగుతుంది, అంతే. రూంబా చేసే ఐరోబో సంగతి చూస్తే, 2022లో అమెజాన్ కొంటానంది, 2024 జనవరిలో ఆ డీల్ రద్దయింది, 2025 డిసెంబర్‌లో కంపెనీ దివాలా కోర్టుకి వెళ్లింది. యాప్ ఆగదనే చెప్పారు. కానీ ఇరవై ఏళ్లకి పైగా ఈ రంగానికి పేరు పెట్టిన కంపెనీకే ఆ గతి పడితే, నిన్న వచ్చిన బ్రాండ్ సర్వర్ ఎన్నాళ్లుంటుంది?

విచిత్రం ఏంటంటే, ఈ దెబ్బ తగలనివి అన్నిటికంటే పాతవే. అమెరికా నుంచి అన్నయ్యో వదినో సూట్‌కేసులో తెచ్చిన పాత రూంబాలు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వైఫై లేదు, యాప్ లేదు. నాలుగు స్క్రూలు విప్పితే చక్రం విడిగా వస్తుంది, బ్రష్ డబ్బా విడిగా వస్తుంది. అలాంటిది మీ దగ్గర ఉంటే ఛార్జర్ స్టిక్కర్ ఒకసారి చదవండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే పర్వాలేదు. 120 అని మాత్రమే ఉంటే మన 230 ప్లగ్‌లో పెట్టిన క్షణమే పోతుంది. అక్కడి నుంచి దుమ్ము లాక్కునే డాక్ తెప్పించుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త.

కెమెరా సంగతి కూడా చెప్పాలి. 2022 చివర్లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఒక కథనం వేసింది. టెస్టింగ్‌లో ఉన్న రూంబాలు ఇళ్లలో తీసిన ఫోటోలు, వాటికి లేబుల్స్ పెట్టే కాంట్రాక్ట్ పనివాళ్ల నుంచి సోషల్ మీడియాకి చేరాయి. బాత్రూమ్‌లో కూర్చున్న మహిళ ఫోటో కూడా అందులో ఉంది. 2024లో అమెరికాలో కొన్ని ఎకోవాక్స్ రోబోలని హ్యాక్ చేసి, వాటి స్పీకర్‌లోంచి ఇంట్లోవాళ్లని బూతులు తిట్టారు. లేజర్ ఒక్కటే ఉన్న పాతదానికి గోడలు తెలుస్తాయి, మనుషుల ముఖాలు తెలియవు. బెడ్‌రూమ్‌లో తిరిగే వస్తువు కదా, ఈ తేడాకి నేనైతే విలువ ఇస్తాను.

సరే, మరి ఏం చేయాలి? మీది లేజర్ ఉన్న 2020 బ్యాచ్ అయితే, ముందు అది ఎక్కడ ఫెయిల్ అవుతోందో చూడండి. సగంలో ఆగితే ఎక్కువగా బ్యాటరీనే. లిథియం సెల్స్ ఐదేళ్లకి, అందులోనూ మన ఎండలకి, అరిగిపోవడం సహజం. మోడల్ నంబర్ చూసి కొత్త ప్యాక్ తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో సెల్స్ మార్చి ప్యాక్ కట్టేవాళ్లు కూడా దొరుకుతారు. కానీ లోపలున్న ప్రొటెక్షన్ బోర్డు తీసేసి కట్టిస్తే ఒప్పుకోకండి, అది మంటలతో ఆట. పాత ప్యాక్‌ని చెత్తబండిలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. లేజర్ ఎర్రర్ వస్తుంటే దాన్ని తిప్పే బుల్లి మోటార్ అయి ఉండొచ్చు, మార్చుకోవచ్చు. కొత్త రౌటర్ పెట్టాక వైఫై దొరకట్లేదంటే, ఈ రోబోలు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడతాయి. రౌటర్‌లో రెండు బ్యాండ్‌లకీ వేరే పేర్లు పెట్టి చూడండి. ఈ ఒక్క సెట్టింగ్‌తో రోబో బతికిన ఇళ్లు నాకు మూడు తెలుసు.

లేజర్ లేనిది, గుద్దుకుంటూ తిరిగేది అయితే బ్యాటరీ మీద డబ్బు పెట్టేముందు ఆలోచించండి. ఒక్క గదికి, అమ్మానాన్నల ఇంటికి, యాప్ గోల వద్దనుకునేవాళ్లకి అది ఇప్పటికీ మంచిదే. మూడు బెడ్‌రూముల ఇంటికి కాదు.

కొత్తదే కొంటాం అంటే షాపులో పాస్కల్స్ అడగకండి. ఈ నాలుగు అడగండి. ఫిల్టర్లు, బ్రష్‌లు, డస్ట్ బ్యాగులు ఇండియాలో విడిగా దొరుకుతాయా? సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందా, లేక డబ్బా కట్టి వేరే ఊరు పంపాలా? ఇంటర్నెట్ ఆపేస్తే బటన్ నొక్కితే తిరుగుతుందా? కెమెరా ఆపే ఆప్షన్ ఉందా? మూడోదానికి సేల్స్‌మన్ మాట నమ్మక్కర్లేదు, అక్కడే అతని ఫోన్ హాట్‌స్పాట్ ఆఫ్ చేయించి నొక్కి చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో బ్యాటరీ ప్యాక్ మార్చడం కెమెరా ముందు చేసి చూపిస్తాను. మీ దగ్గర ఉన్నదాని అడుగున స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకోండి, మోడల్ నంబర్ కావాలి.