వృషణ క్యాన్సరు: శస్త్రచికిత్స తరువాతి నిర్ణయం

తెలుగులో క్యాన్సరుకు పాత పేరు రాచపుండు. తమిళంలో పుట్రునోయ్, మన ‘పుట్ట’కు బంధువైన మాటే అది. వృషణ క్యాన్సరు విషయంలో పాత పేరు పొరపాటుకే దారితీస్తుంది. ఇందులో పుండు కనిపించదు, చాలామందిలో నొప్పీ ఉండదు. గట్టి గడ్డ మాత్రమే చేతికి తగులుతుంది. పదిహేను నుండి నలభై యేళ్ల లోపువారిలోనే ఇది ఎక్కువ. సిగ్గుపడి నెలల తరబడి దాచుకొనేదీ వారే.

స్కానింగు, రక్తపరీక్షల అనంతరం గజ్జల వద్ద కోసి ఆ వృషణాన్ని తొలగిస్తారు. వ్యాధి మరెక్కడికీ వ్యాపించలేదని సి.టి. స్కాను చూపి, రక్తంలోని సూచికలు సాధారణ స్థాయికి దిగితే అది తొలిదశ. అసలు ఆలోచన అప్పుడు మొదలవుతుంది.

గడ్డ సెమినోమా రకమైతే నూటికి ఎనభైమందికి పైగా ఇక ఏ చికిత్సా అవసరం పడదు. అందుచేత మందులివ్వకుండా, నిర్ణీత కాలాలలో పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉండడం ఒక మార్గం. కార్బోప్లాటిన్ ఒక్క మోతాదు ఇస్తే వ్యాధి తిరిగి వచ్చే అవకాశం నూటికి అయిదుకు తగ్గుతుంది. అయితే అవసరం లేని అనేకులు కూడ ఆ మందు భరించినట్లవుతుంది. ఒకప్పుడు విరివిగా ఇచ్చిన రేడియేషన్, ఏళ్ల తరువాత మరో క్యాన్సరుకు కారణం కావచ్చునని తెలిసి, ఇప్పుడు తగ్గింది. సెమినోమా కాని రకంలో వ్యాధి తిరిగి వచ్చేది నూటికి ముప్పై మందికి. గడ్డలోని రక్తనాళాలలో క్యాన్సరు కణాలు కనిపిస్తే దాదాపు సగం మందికి. వారికి ఒక విడత కీమోథెరపీని వైద్యులు తరచు సూచిస్తారు.

ఏ మార్గంలోనైనా నూటికి తొంభైతొమ్మిది మంది బతుకుతారు. కనుక తూచవలసినది రోగి జీవనాన్ని. మిల్లు షిఫ్టులలోనో, లారీ మీదనో ఉండే మనిషి అయిదేళ్లపాటు పరీక్షలకు తప్పక రాగలడా? రాలేనివాడికి కనిపెట్టి ఉండే పద్ధతి ప్రమాదకరం. నిర్ణయానికి కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. మరొక వైద్యుని సలహా తీసుకోవడం తప్పు కాదు.

సంతానం మాట పెళ్లికాని యువకుని ఎదుట పెద్దలు ఎత్తరు. మిగిలిన ఒక్క వృషణం సాధారణంగా చాలును. అయినా కీమోథెరపీకి ముందే, వీలైతే శస్త్రచికిత్సకు ముందే, వీర్యం భద్రపరచే సదుపాయం గురించి అడగాలి. తరువాత అడిగి ప్రయోజనం ఉండకపోవచ్చు.

కోయంబత్తూరు వైద్యకళాశాల ఆసుపత్రిలోను, మదురై రాజాజీ ప్రభుత్వ ఆసుపత్రిలోను క్యాన్సరు విభాగాలున్నాయి. వార్షికాదాయం 1,20,000 రూపాయలు మించని కుటుంబాలకు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉంది. ఇంట తెలుగు మాట్లాడినా తమిళం చదవలేనివారు, సమ్మతిపత్రంపై సంతకానికి ముందు దానిని పూర్తిగా చదివించుకొని, ఏ మందు, ఎన్ని విడతలు అన్నది వ్రాయించుకోవాలి.