పెళ్లిపందిట్లో రేడియో ట్రిగ్గర్

కోనసీమ పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌కి అసలు పరీక్ష జీలకర్ర-బెల్లం వేళ. అడ్డుతెర దిగే ఆ కాసిని క్షణాలు మళ్లీ రమ్మంటే రావు. పైగా ముహూర్తం చాలాసార్లు రాత్రిపూటే పడుతుంది. రాజోలు, అమలాపురాల నడుమ ఉన్న నగరం గ్రామంలో వేసేది కొబ్బరాకుల పందిరైనా, కల్యాణమండపమైనా చిక్కు ఒకటే. కెమెరా నెత్తిన బిగించిన ఫ్లాష్ వెలుగు నేరుగా ఎదురుకొడుతుంది. పట్టుచీర జరీ తెల్లగా మండిపోతుంది, బాసికం కింద నుదుటి చెమట మెరుస్తుంది, ముఖంలో ఎత్తుపల్లాలు చదునైపోతాయి. అదే ఫ్లాష్‌ని పక్కన స్టాండు మీదికి చేర్చి గొడుగులోంచి కొడితే జరీ పోగుపోగునా కనబడుతుంది. ఈ తేడా తెచ్చింది ఖరీదైన కెమెరా కాదు, కెమెరా నొక్కగానే దూరాన ఉన్న ఫ్లాష్‌కి వైరు లేకుండా ఆజ్ఞ పంపే, అరచేతిలో ఇమిడే రేడియో ట్రిగ్గర్. పెళ్లి ఫొటో నాణ్యతకు మొదటి ఖర్చు దీనిమీదే పెట్టాలన్నది నా వాదన.

ఫ్లాష్ చరిత్రలో వెలుగు పుట్టించడం ఒక సమస్య, దాన్ని వేళకి పుట్టించడం మరో సమస్య. మొదటిదానికి 1887లో జర్మనీలో మీథే, గేడికెలు మెగ్నీషియం పొడితో, 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌తో దారి చూపారు. రెండోదానికి చాలాకాలం వైరే దిక్కు. జనం తిరిగే పందిట్లో వైరు కాళ్లకు అడ్డం. తర్వాత వచ్చిన స్లేవ్ ఫ్లాష్ మరో ఫ్లాష్ మెరుపును చూసి వెలుగుతుంది. స్తంభం అడ్డొస్తే దానికి ఆ మెరుపు కనబడదు, చుట్టం కెమెరా మెరిసినా తానూ మెరుస్తుంది. అడ్డు దాటి వెళ్లే ఆజ్ఞ కావాలి. అలాంటి ఆజ్ఞను జగదీశ్ చంద్రబోస్ 1895లోనే కలకత్తాలో చూపించారు: రేడియో తరంగంతో దూరాన ఉన్న గంట మోగించి, తుపాకిమందు అంటించారు. చాలా ట్రిగ్గర్లు వాడేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు; మన దేశంలో ఆ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకు 2005లో లైసెన్సు మినహాయింపు రావడం, ఆ బ్యాండు చిప్పులు చవకవడం కలిసి రేడియో ట్రిగ్గర్ సౌకర్యాన్ని చిన్న స్టూడియోలకూ అందించాయి.

ట్రిగ్గర్ మోసుకెళ్లేది వెలుగును కాదు, వేళను. చాలా కెమెరాల్లో షట్టర్ సెకనులో 200వ వంతు కన్నా వేగంగా నడిస్తే ఫ్రేము మొత్తం ఒకేసారి తెరుచుకోదు. మామూలు సింక్‌లో ఫొటోకి ఒక అంచున నల్లపట్టీ పడుతుంది. ఫ్రేము మొత్తం తెరిచి ఉండే ఆ కాస్త వ్యవధిలోనే ఫ్లాష్ వెలగాలి. రేడియో తరంగం 30 మీటర్లు దాటడానికి సెకనులో కోటో వంతు చాలు. ఆలస్యం ఏమైనా ఉంటే అది పరికరంలోదే, గాలిలోది కాదు.

ఎల్‌ఈడీ లైట్లుండగా ఫ్లాష్ ఎందుకన్నది మొదటి అభ్యంతరం. వీడియోకి అవి తప్పనిసరే. కానీ 100 వాట్ల దీపం సెకనులో 200వ వంతులో ఖర్చుచేసేది అర జౌలు. పెద్ద స్పీడ్‌లైట్ ఫ్లాష్ పూర్తి బలంతో ఒక్క మెరుపులో వదిలేది 60 జౌళ్ల పైమాటే. సామర్థ్యంలో తేడాలు లెక్కేసినా ఈ అంతరం పూడదు. కెమెరా ఐఎస్ఓ (వెలుతురు సున్నితత్వం) పెంచుకోవచ్చు కదా అంటారు. పెంచితే చీకటి తగ్గుతుందిగాని, వెలుగు వచ్చే దిక్కు మారదు. జనంలో సిగ్నల్ తెగుతుందన్న ఫిర్యాదు మాత్రం నిజం. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లే, నీటితో నిండిన మన ఒళ్లు దాన్ని బాగా పీల్చుకుంటుంది. అందుకే ఫ్లాష్ వైపు ఉండే రిసీవర్‌ని తలల ఎత్తుకు పైన ఉంచాలి. పక్క పందిట్లో మరో ఫొటోగ్రాఫర్ అదే చానెల్ వాడుతుంటే మీ ఫ్లాష్ అతని క్లిక్‌కి కొడుతుంది, సరిగ్గా మీరు నొక్కేసరికి చార్జి లేక మూగబోతుంది. గోడాక్స్ కంపెనీ ట్రిగ్గర్లలో 32 చానెళ్లున్నాయి, ఐడీ నంబరు వేరే. పెళ్లిళ్ల సీజన్లో వీటిని ముందుగానే మార్చిపెట్టుకోవడం ఫొటోగ్రాఫర్ బాధ్యత. మెరుపులు తంతుకు అడ్డమన్న పెద్దల మాటకూ విలువివ్వాలి: ఫ్లాష్ దూరంగా ఉంటే పురోహితుడి కంట్లో పడదు, ఫొటోగ్రాఫర్ వధూవరుల మీదికి వంగనక్కర్లేదు. కొత్త కెమెరాకి అప్పు చేసేముందు ట్రిగ్గరూ, స్టాండూ, గొడుగూ కొని, పెళ్లిరోజుకి ముందే మండపంలో పరీక్షించుకోవడం మేలు. అడ్డుతెర దిగాక సరిదిద్దుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.